అమెరికా ఎన్నికలు అర్థం కావాలంటే ఏ ఏడాదితో మొదలుపెట్టాలి?

మా చిన్నాన్న కొడుకు న్యూజెర్సీలో ఇరవై ఏళ్ల నుంచి ఉంటున్నాడు. పౌరసత్వం వచ్చింది, ఓటూ వచ్చింది. మొన్నామధ్య ఫోన్ చేసి, "అన్నయ్యా, ఓటైతే వేసొచ్చాను గానీ అది ఎక్కడికి పోయిందో అర్థం కాలేదు. మా వైపు ఒక్కడూ ప్రచారానికి రాలేదు. పక్కనున్న పెన్సిల్వేనియాలో మాత్రం రోజుకో మీటింగు. ఇదంతా బుర్రకెక్కాలంటే ఎక్కడ మొదలెట్టమంటావు?" అన్నాడు. పత్రికలో విదేశీ వార్తల డెస్కు మీద చాలా ఏళ్లు కూర్చున్నాను కాబట్టి నాకు తెలిసుంటుందని వాడి నమ్మకం.

జార్జి వాషింగ్టన్‌తో మొదలుపెట్టి వరసగా చదువుకు రమ్మని చెప్పొచ్చు. కానీ అలా మొదలుపెట్టినవాళ్లలో పదో అధ్యక్షుడి దాకా వచ్చినవాణ్ని నేనింతవరకూ చూళ్లేదు. నా సలహా వేరు. ఒక్క ఎన్నికను పట్టుకోండి. అందులో నిలబడ్డవాళ్లు ఎక్కణ్నుంచి వచ్చారు, టికెట్ ఎలా తెచ్చుకున్నారు, ఓట్లు ఎలా పడ్డాయి, ఎలా లెక్కపెట్టారు, ఓడినవాడు తర్వాత ఏమయ్యాడు అన్నది కొస దాకా చదవండి. ఒక్కటి అలా పట్టుబడితే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. తేల్చుకోవాల్సిందల్లా ఆ ఒక్కటీ ఏదన్నదే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, గొప్ప అధ్యక్షుడు గెలిచిన ఎన్నికే గొప్ప ఎన్నిక అనుకోవడం. 1936లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 523–8తో గెలిచాడు. 1984లో రీగన్ 50 రాష్ట్రాల్లో 49 ఊడ్చేశాడు. అవి వన్‌సైడ్ మ్యాచ్‌లు, వాటిలో ఆట నియమాలు కనిపించవు. నియమాలు బయటపడేది చివరి ఓవర్ దాకా వెళ్లిన మ్యాచ్‌లోనే. అలాగని మొన్నటి 2016, 2020, 2024లతోనూ మొదలుపెట్టొద్దు. వాటి వేడి ఇంకా చల్లారలేదు, రెండు పేజీలు చదివేలోపే మనం ఏదో ఒక పక్షం చేరిపోతాం.

ముందు లెక్క తెలియాలి

అక్కడ దేశమంతటి ఓట్లనూ ఒక కుప్ప పోసి లెక్కపెట్టరు. ప్రతి రాష్ట్రానికీ ఇన్నని ఎలక్టోరల్ ఓట్లుంటాయి: దిగువ సభలో ఆ రాష్ట్రానికి ఎన్ని సీట్లుంటే అన్ని, వాటికి ఎగువ సభ సెనేటర్ల లెక్కన ఇంకో రెండు. వాషింగ్టన్ నగరానికి విడిగా 3. మొత్తం 538, గెలవాలంటే 270. మెయిన్, నెబ్రాస్కా తప్పిస్తే మిగతా అన్నిచోట్లా రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడికే ఆ రాష్ట్రం ఓట్లన్నీ. మన లెక్కలో చెప్పాలంటే, ఆంధ్రప్రదేశ్ మొత్తమ్మీద ఒక పార్టీకి ఒక్క ఓటు ఎక్కువ పడితే 25 ఎంపీ సీట్లూ దానికే, తెలంగాణలో ఇంకో పార్టీకి ఒక్క ఓటు ఎక్కువ పడితే 17కి 17 దానికే అన్నమాట. అందుకే మా తమ్ముడి న్యూజెర్సీకి ఎవరూ రాలేదు. అక్కడ ఎవరు గెలుస్తారో ముందే తెలుసు. పెన్సిల్వేనియాలో తెలియదు.

దేశం మొత్తమ్మీద ఓట్లు తక్కువొచ్చీ గెలిచినవాళ్లు ఐదుగురున్నారు: 1824, 1876, 1888, 2000, 2016. ఇందులో మనం నోరెళ్లబెట్టాల్సిందేమీ లేదు. 2018 కర్ణాటకలో కాంగ్రెస్‌కి ఓట్లు ఎక్కువ, బీజేపీకి సీట్లు ఎక్కువ వచ్చాయి. లెక్కపెట్టే యూనిట్ మారితే ఫలితం మారుతుంది.

ఇక నా జాబితాలో మిగిలినవి ఐదు: 1860, 1912, 1948, 1960, 2000.

లింకన్: అందరూ మొదలుపెట్టేదీ, చాలామంది ఆగిపోయేదీ

1860కి ఆకర్షణ ఎక్కువ. చిన్నప్పటి పాఠ్యపుస్తకాల నుంచి లింకన్ మనకు తెలిసినవాడే. ఆయన రాజకీయ జీవితమూ చిత్రమైనదే. దిగువ సభలో ఒకే ఒక్క దఫా, 1847 నుంచి 1849 దాకా. 1858లో సెనేట్ సీటు కోసం స్టీఫెన్ డగ్లస్‌తో ఊరూరా ఏడు బహిరంగ వాదోపవాదాలు చేసి, చివరికి సీటు పోగొట్టుకున్నాడు. రెండేళ్లకే షికాగోలో, అభ్యర్థిని తేల్చే పార్టీ కన్వెన్షన్‌లో, టికెట్ తనకే ఖాయమనుకున్న న్యూయార్క్ నేత విలియం సివార్డ్‌ను పక్కకి నెట్టి రిపబ్లికన్ అభ్యర్థి అయ్యాడు.

అయినా దీనితో మొదలుపెట్టమని చెప్పను. అప్పటి ఓటింగ్ పద్ధతే వేరు, బ్యాలెట్లు పార్టీలే అచ్చేసుకునేవి. పది దక్షిణాది రాష్ట్రాల్లో లింకన్ పేరుతో బ్యాలెటే లేదు. బానిసత్వం సమస్యను మొదలంటా చదవకుండా ఈ ఎన్నికలో ఒక్క అడుగు ముందుకు పడదు, చదివితే అది వేరే ఏడాది పని.

ఒక్క విషయం మాత్రం చెప్పి వదిలేస్తాను. లింకన్‌కి వచ్చింది 40 శాతం లోపు ఓట్లే. ప్రత్యర్థులు ముగ్గురుండి ఓట్లు చీలడం వల్లే గట్టెక్కాడని చాలాచోట్ల రాస్తారు. లెక్క వేసి చూడండి. ఆ ముగ్గురి ఓట్లూ ఒక్కడికే పడ్డాయనుకున్నా లింకన్ చేతిలోంచి జారేవి కాలిఫోర్నియా 4, ఒరెగాన్ 3, న్యూజెర్సీలో వచ్చిన 4 మాత్రమే. 180 కాస్తా 169 అయ్యేది. కావాల్సింది 152. ఉత్తరాది రాష్ట్రాల్లో ఆయనకు సగానికి మించి ఓట్లున్నాయి, అంతే.

1912: రెబల్ అభ్యర్థి కథ

ఓట్లు నిజంగా చీలిన ఎన్నిక చూడాలంటే ఇది. మన రాజకీయాలు తెలిసినవాళ్లకు దీనికంటే సులువుగా ఎక్కేది ఇంకోటి లేదు.

థియోడర్ రూజ్‌వెల్ట్ ఏడేళ్లకు పైగా అధ్యక్షుడిగా ఉండి, 1908లో తన మనిషి విలియం టాఫ్ట్‌ను కుర్చీలో కూర్చోబెట్టి వెళ్లాడు. నాలుగేళ్లు తిరక్కుండానే ఇద్దరికీ చెడింది. 1912 జూన్‌లో షికాగో కన్వెన్షన్‌లో పార్టీ యంత్రాంగం సిట్టింగ్ ప్రెసిడెంట్ టాఫ్ట్ చేతిలో ఉంది, టికెట్ ఆయనకే వచ్చింది. రూజ్‌వెల్ట్ అలిగి బయటికొచ్చి సొంత పార్టీ పెట్టాడు. అటు డెమొక్రాట్లు బాల్టిమోర్‌లో కూర్చుని 46 సార్లు ఓటింగ్ జరిపి వుడ్రో విల్సన్‌ను తేల్చారు. విల్సన్ ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడిగా ఉన్న మనిషి, ఎన్నికల్లో మొదటిసారి గెలిచిందే 1910లో, న్యూజెర్సీ గవర్నర్‌గా. రెండేళ్లలో దేశాధ్యక్షుడైపోయాడు.

ఫలితం విల్సన్‌కి 435, రూజ్‌వెల్ట్‌కి 88, సిట్టింగ్ ప్రెసిడెంట్ టాఫ్ట్‌కి 8. రూజ్‌వెల్ట్, టాఫ్ట్‌ల ఓట్లు కలిపితే 50 శాతం దాటుతాయి, విల్సన్‌కి వచ్చింది 42 శాతం లోపే. పార్టీని చీలిస్తే పక్కవాడు నడుచుకుంటూ వచ్చి కూర్చుంటాడని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మధ్యలో అక్టోబరు 14న మిల్వాకీలో ఒకడు రూజ్‌వెల్ట్‌ను కాల్చాడు. జేబులో మడతపెట్టి పెట్టుకున్న 50 పేజీల ఉపన్యాసమూ, ఇనుప కళ్లజోడు పెట్టె అడ్డం పడి గుండు లోతుగా దిగలేదు. ఆయన ఆస్పత్రికి వెళ్లకుండా, రక్తం అంటిన ఆ కాగితాలే పట్టుకుని గంటకు పైగా మాట్లాడాడు. క్లుప్తంగా మాట్లాడే అలవాటున్న నాయకుడైతే ఆ రోజు బతికేవాడు కాదని మా డెస్కులో ఒకాయన అంటుండేవాడు.

దీని లోపమల్లా ప్రైమరీలు (పార్టీ అభ్యర్థి ఎవరన్నదాని మీద జనం ఓటేసే ముందస్తు పోటీలు) అప్పుడప్పుడే మొదలవడం, రేడియో, టీవీ, సర్వేలు లేకపోవడం. ఇవాళ్టి ఎన్నికలో సగం ఇందులో కనిపించదు.

1948: తీరిక తక్కువున్నవాళ్లకి

ఒక్క సాయంత్రమే ఉందంటే ఇది చదవండి. హ్యారీ ట్రూమన్ కాన్సస్ సిటీలో బట్టల కొట్టు పెట్టి చేతులు కాల్చుకున్నవాడు, కౌంటీ స్థాయి పదవి నుంచి 1934లో సెనేట్‌కి ఎదిగినవాడు. ఉపాధ్యక్షుడిగా ఉన్నది 82 రోజులే. 1945 ఏప్రిల్ 12న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పోవడంతో అధ్యక్షుడయ్యాడు. 1948కల్లా సొంత పార్టీయే మూడు ముక్కలైంది. నల్లవారి హక్కుల ఊసు ఎత్తాడని దక్షిణాది వాళ్లు స్ట్రోమ్ థర్మండ్‌ని నిలబెట్టారు, వామపక్షం వైపు వాళ్లు హెన్రీ వాలెస్ వెనక పోయారు. ఎదురుగా న్యూయార్క్ గవర్నర్ థామస్ డ్యూయీ. ఇక అడిగేదేముందని రోపర్ అనే సర్వేవాడు సెప్టెంబరులోనే సర్వేలు ఆపేశాడు, గ్యాలప్ అక్టోబరు మధ్యలో ఆపేశాడు.

ట్రూమన్ రైలెక్కాడు. స్టేషన్‌లో బండి ఆగడం, వెనక పెట్టె చివర నిలబడి పదినిమిషాలు మాట్లాడటం, మళ్లీ కూత. ఓట్ల లెక్కింపు రాత్రి మిస్సోరీలోని ఒక చిన్న ఊళ్లో హోటల్ గదిలో శాండ్‌విచ్ తిని పెందరాళే పడుకున్నాడు. లేచేసరికి గెలుపు వాకిట్లో ఉంది: 303–189, థర్మండ్‌కి 39. రెండ్రోజుల తర్వాత సెయింట్ లూయిస్ స్టేషన్‌లో, డ్యూయీ గెలిచాడని పతాక శీర్షిక పెట్టిన షికాగో ట్రిబ్యూన్ పేపర్‌ను రెండు చేతులా ఎత్తి చూపిస్తూ నవ్వే ఫొటో మీరూ చూసే ఉంటారు. ప్రింటర్ల సమ్మె వల్ల ఆ పత్రిక ఎడిషన్ ముందే వదలాల్సొచ్చింది. డెడ్‌లైన్ కింద పనిచేసినవాణ్ని, నాకు ఆ ఫొటో చూస్తే ఇప్పటికీ నవ్వు రాదు.

కథగా 1948కి తిరుగులేదు. కానీ చదివాక మిగిలేది సర్వేల మీద అనుమానం ఒక్కటే. యంత్రం లోపల ఎలా తిరుగుతుందో మాత్రం చూపించదు.

2000: లెక్కింపు మాత్రమే చూడాలనుకుంటే

ఇది నేను డెస్కు మీద ఉండగా జరిగింది. మన టైము ప్రకారం నవంబరు 8 పొద్దున ఆరున్నరకు కాఫీ వేళకి అక్కడి చానళ్లు ఫ్లోరిడా అల్ గోర్‌దేనన్నాయి. ఎనిమిదిన్నరకు టిఫిన్ చేస్తుంటే ఎవరిదో చెప్పలేమన్నాయి. పన్నెండూ నలభై ఐదుకి భోజనాల టైములో జార్జి బుష్ అధ్యక్షుడైపోయాడు. రెండున్నరకు టీ తాగి వచ్చేసరికి మళ్లీ కాలేదు. గోర్ ఓటమి ఒప్పుకుంటూ బుష్‌కి ఫోన్ చేశాడు, కాసేపాగి మళ్లీ చేసి ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. మూడు శీర్షికలు కొట్టి మూడూ తుడిచేశాం.

ఆ తర్వాత 36 రోజులు ఇదే గొడవ. ఫ్లోరిడాలో దాదాపు 60 లక్షల ఓట్లు పోలైతే తేడా చివరికి 537. పంచ్‌కార్డు బ్యాలెట్‌కి పుల్లతో చిల్లు పొడవాలి. చిల్లు పడ్డ ముక్క పూర్తిగా ఊడకుండా వేలాడుతుంటే అది ఓటా కాదా అని అధికారులు భూతద్దాలు పెట్టి చూశారు. పామ్‌బీచ్ కౌంటీలో పేర్లు సీతాకోకచిలుక రెక్కల్లా రెండువైపులా వేసి చిల్లులు మధ్యలో పెట్టడంతో, గోర్‌కి వెయ్యబోయి ఇంకొకరికి వేశామని చాలామంది లబోదిబోమన్నారు. డిసెంబరు 12న సుప్రీంకోర్టు 5–4తో రీకౌంటింగ్ ఆపేసింది. బుష్‌కి 271, గోర్‌కి 266. దేశం మొత్తమ్మీద గోర్‌కే 5.4 లక్షల ఓట్లు ఎక్కువ.

అందరూ ఫ్లోరిడా గురించే మాట్లాడతారు. నాకు మాత్రం టెనెసీయే ఆశ్చర్యం. అది గోర్ సొంత రాష్ట్రం. తండ్రి అక్కడి సెనేటర్, తనూ అక్కడి సెనేటర్. అక్కడి 11 ఓట్లు వచ్చుంటే ఫ్లోరిడాతో పనే లేదు. ఇంట గెలవకుండా రచ్చ గెలవబోయాడు.

ఎలక్టోరల్ లెక్క, రాష్ట్రాల చేతిలో ఉండే ఎన్నికల నిర్వహణ, కోర్టుల పాత్ర చూడాలంటే 2000 చాలు. ముఖ్యంగా లా చదివేవాళ్లకు. కానీ టికెట్ ఎలా వస్తుంది, ఉపాధ్యక్షుణ్ని ఎందుకు ఎంచుకుంటారు, రాజకీయ నాయకుడు ఎలా తయారవుతాడు అన్నవి ఇందులో వెతికినా పెద్దగా దొరకవు.

నా ఓటు 1960కి

అన్నీ ఒకేచోట దొరికే ఏడాది ఇదొక్కటే. జాన్ కెనెడీ, లిండన్ జాన్సన్, రిచర్డ్ నిక్సన్: ఈ ఒక్క ఎన్నిక బరిలో ఉన్న ముగ్గురూ తర్వాత వరసగా అధ్యక్షులయ్యారు. ఒక్క పుస్తకం ఖర్చుతో మూడు జీవితాలు చదివినట్టు.

ముగ్గురిదీ మూడు దారులు. కెనెడీ, నిక్సన్ ఇద్దరూ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసి వచ్చి, 1946లో ఒకేసారి దిగువ సభకు గెలిచారు. 1947 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియాలోని మెకీస్‌పోర్ట్ అనే ఉక్కు కర్మాగారాల ఊళ్లో ఇద్దరూ కార్మిక చట్టం మీద ఎదురెదురుగా వాదించి, తిరుగు ప్రయాణంలో రాత్రి రైల్లో ఒకే పెట్టెలో కబుర్లాడుకుంటూ వాషింగ్టన్ వచ్చారు. అప్పటికి ఒకడికి 29, ఇంకొకడికి 34. ఇద్దరి మధ్య ఎన్నికల చర్చకు అదే రిహార్సల్ అని అప్పుడు ఎవరికి తెలుసు!

నిక్సన్ది పరుగు. నాలుగేళ్లకి సెనేట్, ఇంకో రెండేళ్లకి, 39 ఏళ్లకే, ఐసెన్‌హోవర్ పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థి. కెనెడీది డబ్బున్న ఇల్లు, పట్టున్న తండ్రి. 1952లో మసాచుసెట్స్ సెనేట్ సీటుకి హెన్రీ కాబట్ లాడ్జ్‌ను ఓడించాడు. 1916లో ఇదే సెనేట్ సీటుకి ఆ లాడ్జ్ తాత, కెనెడీ అమ్మ తండ్రిని ఓడించాడు. 1960లో నిక్సన్ తన జోడీగా ఎంచుకున్నది మళ్లీ ఈ లాడ్జ్‌నే. 1962లో కెనెడీ తమ్ముడు టెడ్, లాడ్జ్ కొడుకును ఓడించాడు. మన పల్నాటి వాళ్లకి చెబితే ఇందులో వింతేముందంటారు.

జాన్సన్ది అసలైన గ్రౌండ్ లెవెల్ రాజకీయం. 1941లో టెక్సాస్ సెనేట్ పోటీలో 1,311 ఓట్లతో ఓడాడు. ముందే తన లెక్కలు బయటపెట్టి, అవతలివాళ్లకు సర్దుకునే వ్యవధి ఇచ్చానని ఆయనకు తెలిసొచ్చింది. 1948లో ఆ తప్పు చేయలేదు. పార్టీ టికెట్ కోసం జరిగిన రెండో విడత ఓటింగులో ఓడిపోయినట్టే కనిపించాడు. ఆరు రోజుల తర్వాత ఆలిస్ అనే ఊరిలోని 13వ నంబర్ పెట్టె నుంచి కొత్తగా 202 ఓట్లు తేలాయి, అందులో 200 జాన్సన్‌వి. ఆ పేర్లన్నీ ఒకే చేతిరాతతో, అక్షరక్రమంలో ఉన్నాయని జాబితా చూసినవాళ్లు చెప్పారు. మెజారిటీ 87. అప్పట్నుంచీ ఆయనకు 'భారీ మెజారిటీ లిండన్' అని వెటకారపు పేరు. పన్నెండేళ్లు తిరిగేసరికి ఆయనే సెనేట్‌ను వేళ్ల మీద ఆడించే నాయకుడు.

ఇప్పుడు టికెట్ సంగతి చూడండి. జాన్సన్ ప్రైమరీల్లో దిగనే లేదు. కన్వెన్షన్‌కి వారం ముందు, జులై 5న గానీ పోటీలో ఉన్నట్టు చెప్పలేదు. సెనేట్ పెద్దలంతా తన వైపే, చివర్లో బేరసారాలకు కూర్చుంటే తనదే పైచేయి అనుకున్నాడు. కెనెడీకి ఆ దారి లేదు. ఆయన క్యాథలిక్. 1928లో అల్ స్మిత్ అనే క్యాథలిక్‌ను నిలబెట్టి డెమొక్రాట్లు చావుదెబ్బ తిన్నారు. అందుకని 'నాకు ప్రొటెస్టెంట్లు కూడా ఓటేస్తారు' అని పార్టీ పెద్దలకి రుజువు చూపించాలి. చూపించింది వెస్ట్ వర్జీనియాలో. బొగ్గు గనుల రాష్ట్రం, దాదాపు అంతా ప్రొటెస్టెంట్లు. నేను నౌకాదళంలో చేరినప్పుడు నువ్వు క్యాథలిక్‌వా అని ఎవరూ అడగలేదే అని కెనెడీ అక్కడివాళ్లని నిలదీశాడు. డబ్బు బాగానే పారిందన్న మాటా ఉంది. మే 10న హ్యూబర్ట్ హంఫ్రీని చిత్తుగా ఓడించాడు. ప్రైమరీ అంటే ఏమిటో ఇంతకంటే బాగా ఏ పాఠమూ చెప్పదు: అప్పట్లో అది డెలిగేట్లను (కన్వెన్షన్‌లో ఓటేసే పార్టీ ప్రతినిధులను) గెలుచుకోవడం కంటే, పెద్దలకి తన బలం ఎంతో తూచి చూపించే తక్కెడ.

లాస్ ఏంజెలెస్ కన్వెన్షన్‌లో మొదటి రౌండ్లోనే కెనెడీకి 806, జాన్సన్‌కి 409. మర్నాడు ఆ ఓడిన జాన్సన్‌నే పిలిచి ఉపాధ్యక్ష టికెట్ ఇచ్చాడు. కెనెడీ తమ్ముడు రాబర్ట్ హోటల్ మెట్లెక్కి దిగుతూ, వద్దనుకోమని జాన్సన్‌కి నచ్చజెప్పబోయాడంటారు. ఆ గదిలో ఎవరేమన్నారో అక్కడున్నవాళ్లే తలోరకంగా చెప్పారు. ప్రేమతో జరిగిన పెళ్లి కాదది, టెక్సాస్ 24 ఓట్ల కోసం జరిగిన పెళ్లి. జాన్సన్ కూడా తక్కువ తినలేదు. టెక్సాస్ చట్టాన్ని ముందే సవరింపజేసుకుని, సెనేట్‌కీ ఉపాధ్యక్ష పదవికీ ఒకేసారి నిలబడి రెండూ గెలిచాడు.

నిక్సన్ వైపు తప్పులన్నీ చిన్నవే. 50 రాష్ట్రాలూ తిరుగుతానని మాటిచ్చాడు. ఆగస్టులో నార్త్ కరోలినాలో కారు తలుపుకి మోకాలు కొట్టుకుంది, చీము పట్టి దాదాపు రెండు వారాలు ఆస్పత్రిలో పడుకున్నాడు. అదే నెలలో విలేకరులు ఐసెన్‌హోవర్‌ని, మీ నిర్ణయాల్లో నిక్సన్ సలహా ఒకటైనా చెప్పండని అడిగితే, వారం టైమిస్తే ఏదైనా గుర్తొస్తుందేమో అన్నాడు. ఎనిమిదేళ్ల అనుభవమే తన బలమని ఊరూరా చెప్పుకుంటున్నవాడికి సొంత బాసు నుంచి ఇంతకంటే దెబ్బ ఏముంటుంది! చివరి ఆదివారం కెనెడీ ఓట్లెక్కువున్న రాష్ట్రాల్లో తిరుగుతుంటే, నిక్సన్ మాట నిలబెట్టుకోవడానికి 3 ఓట్ల అలాస్కాకి విమానమెక్కాడు.

సెప్టెంబరు 26న షికాగో స్టూడియోలో మొదటి టీవీ చర్చ. ఆస్పత్రి నుంచి వచ్చి రెండు వారాలే అయింది, చొక్కా కాలరు వదులైపోయి ఉంది. మేకప్ వద్దన్నాడు, గడ్డం నలుపు కనబడకుండా పౌడరు అద్దుకున్నాడంతే. లేత బూడిద రంగు సూటు నలుపు-తెలుపు తెర మీద వెనక గోడలో కలిసిపోయింది. పక్కన ముదురు సూటులో కెనెడీ. చూసినవాళ్లు ఆరున్నర కోట్లకు పైమాటే. రేడియోలో విన్నవాళ్లు నిక్సనే గెలిచాడనుకున్నారని ప్రతి వ్యాసంలోనూ చదువుతారు. దానికి ఆధారం ఒక్క చిన్న సర్వే, దాని మీద అంత మేడ కట్టడం నాకు నచ్చదు. ఆ గంట వీడియో దొరుకుతుంది, చూసి మీరే చెప్పండి. ఆ దెబ్బకి మళ్లీ 1976 దాకా అభ్యర్థులెవరూ టీవీ చర్చకి రాలేదన్నది మాత్రం వాస్తవం.

అక్టోబరులో మార్టిన్ లూథర్ కింగ్‌ని జార్జియాలో జైల్లో పెట్టారు. గర్భవతిగా ఉన్న ఆయన భార్య కొరెట్టాకి కెనెడీ ఫోన్ చేసి రెండు మాటలు మాట్లాడాడు. నిక్సన్ చేయలేదు. కింగ్ తండ్రి అప్పటిదాకా నిక్సన్ మనిషి, పార్టీ మార్చేశాడు. ఆ కబురు కరపత్రాలుగా నల్లవారి చర్చిలకు చేరింది.

నవంబరు 8న పోలైన దాదాపు 6.9 కోట్ల ఓట్లలో ఇద్దరికీ తేడా 1.12 లక్షలు. ఎలక్టోరల్ ఓట్లు 303–219. మిగిలిన 15 బరిలో లేని సెనేటర్ హ్యారీ బర్డ్‌కి పడ్డాయి. ఎలక్టోరల్ ఓట్లు రాష్ట్రం తరఫున వేసేది ఎలక్టర్లనే మనుషులనీ, దక్షిణాదిలో ఎవరికీ కట్టుబడని ఎలక్టర్లుండేవారనీ, ఓక్లహోమాలో ఒకడు మాట తప్పి వేరేవాడికి వేశాడనీ ఇక్కడే చూస్తారు. ఇల్లినాయిలో కెనెడీ మెజారిటీ 8,858. షికాగో మేయర్ డేలీ మనుషులు ఓట్లు గుద్దారన్న ఆరోపణ ఇప్పటికీ నలుగుతూనే ఉంది. ఇల్లినాయి ఒక్కటే పోయినా కెనెడీకి 276 ఉండేవి, అప్పుడు కావాల్సింది 269. ఇల్లినాయి, టెక్సాస్ రెండూ పోతేనే నిక్సన్ 270కి చేరేవాడు. డేలీయే కెనెడీని గెలిపించాడనేవాళ్లకి ఈ కూడిక చూపించండి.

అంతకంటే విచిత్రం హవాయిలో. మొదట 141 ఓట్లతో నిక్సన్ గెలిచాడన్నారు. రీకౌంటింగ్ నడుస్తుండగానే రెండు పార్టీల ఎలక్టర్లూ విడివిడిగా ఓట్లేసి వాషింగ్టన్‌కి పంపారు. చివరికి 115 ఓట్లతో కెనెడీ గెలిచాడని తేలింది. 1961 జనవరి 6న ఉభయసభల ముందు ఆ కవర్లు తెరిచే బాధ్యత ఉపాధ్యక్షుడిది, అంటే నిక్సన్దే. ఇది ముందుముందు ఆనవాయితీ కాకూడదంటూనే, తనకు వ్యతిరేకంగా ఉన్న ఓట్లనే లెక్కలోకి తీసుకోమన్నాడు. ఓడిన అభ్యర్థే గెలిచినవాడి పేరు ప్రకటించడం సరిగ్గా నూరేళ్ల తర్వాత అదే. 1861లో లింకన్ పేరు చదివింది, ఆయన చేతిలో ఓడిన ఉపాధ్యక్షుడు బ్రెకిన్‌రిడ్జ్. తర్వాత 2001లో గోర్, 2025లో కమలా హారిస్ అదే కుర్చీలో కూర్చుని అదే పని చేశారు. ఇవాళ జనవరి 6 అనగానే అందరికీ గుర్తొచ్చేది 2021లో అక్కడి పార్లమెంటు భవనం మీద జరిగిన దాడి, అందుకే ఈ పాత తేదీ తెలిసుండటం మంచిది.

ఆ తర్వాత కథ కూడా 1960 నుంచే సాగుతుంది. నిక్సన్ 1962లో కాలిఫోర్నియా గవర్నర్‌గా కూడా ఓడి, ఇక నన్ను తన్నుకోవడానికి నేనుండనని విలేకరుల మీద విరుచుకుపడ్డాడు. పనైపోయిందనుకున్నారు. 1968లో తిరిగొచ్చి గెలిచాడు. ఓడింది ఎవరనుకున్నారు? వెస్ట్ వర్జీనియాలో కెనెడీ చేతిలో చిత్తయిన హంఫ్రీ. జాన్సన్ 1964లో 486–52తో ఊడ్చేసి, వియత్నాం దెబ్బకి 1968 మార్చి 31న టీవీలో తానే తప్పుకున్నాడు. నిక్సన్ 1972లో 49 రాష్ట్రాలు గెలిచి, రెండేళ్లు తిరక్కుండా 1974 ఆగస్టు 9న రాజీనామా చేసి ఇంటికెళ్లాడు.

ఎవరికి ఏది

పోటీపరీక్షలకి చదివేవాళ్లు, లా విద్యార్థులు 2000 తీసుకోండి. ప్రశ్నలన్నీ అందులోంచే వస్తాయి. పిల్లలకి కథ చెప్పాలంటే 1948. చరిత్ర మీద నిజమైన ఆసక్తీ, ఏడాది ఓపికా ఉంటే 1860, కానీ రెండోదిగా. మిగతా అందరికీ 1960, అదీ తిన్నగా కాకుండా ఈ వరసలో: ముందు మొదటి చర్చ వీడియో చూడండి, తర్వాత వెస్ట్ వర్జీనియా, ఆ తర్వాత జాన్సన్ 13వ నంబర్ పెట్టె, చివరికి హవాయి. చదువుతున్నంతసేపూ పక్కన రాష్ట్రాల మ్యాపు, ఎలక్టోరల్ ఓట్ల పట్టిక పెట్టుకోండి. అప్పటి మొత్తం 538 కాదు, 537 అని గుర్తుపెట్టుకోండి, లేకపోతే కూడిక తప్పుతుంది.

ఇదంతా ఫోన్లో ముప్పావు గంట చెప్పాను. మా తమ్ముడు ఓపిగ్గా విని, "అన్నయ్యా, నేను 1912తో మొదలెడతాలే. టికెట్ రాకపోతే పార్టీ పెట్టడం, ఓట్లు చీల్చడం మనకు తెలిసిన సబ్జెక్టే కదా. పైగా గెలిచింది మా న్యూజెర్సీ గవర్నరే" అన్నాడు.